నాలుగో లైను

మా బ్రాడీపేటలో వీధిని వీధి అనరు,
లైను అంటారు.
పైన నాలుగు, మధ్యలో గీత, కింద పద్నాలుగు.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
గుంటూరులో ఇల్లెక్కడంటే
భిన్నం చెప్పాలి.

ఆ భిన్నంలో, మెట్లకింద, నా జాబ్ టైపింగ్ కొట్టు.
పేజీకి ఇరవై అయిదు లైన్లు.
కోర్టు కాగితమైతే లైనుకీ లైనుకీ ఎడం ఎక్కువ.
ఆ ఎడంలో ఎవరేం రాసుకుంటారో
ముప్ఫయ్యేళ్ళయినా నాకు తెలీదు.

నిన్న, రోడ్డు మీద కుక్క కూడా లేని ఎండలో
పఠాన్ కాలేషా వచ్చాడు.
రిటైరైన లైన్‌మన్.
గొడుగు గుమ్మం బయటే ఆనించి
"ఇంగ్లీషులో ఒక అర్జీ కొట్టాలమ్మా" అన్నాడు,
రెండు చేతులూ నా కీబోర్డు పక్కన
బోర్లా పెట్టి, వెల్లకిలా తిప్పాడు.

గీతల్లేవు.
తడిబట్టతో తుడిచిన పలకలు రెండు.

తుఫాను మర్నాడు, పొన్నూరు రోడ్డులో.
లైన్ క్లియర్ అని ఫోనులో చెప్పారట.
కాలేదు.
అంతవరకే చెప్పాడు.

పెన్షనుకి ఏటా వేలు వెయ్యాలి,
బతికే ఉన్నానని.
లైన్లో నిలబడి నిలబడి, వంతొచ్చి వేలుపెడితే
మిషను ఎర్రగా వెలుగుతుంది.
"పక్కకి జరుగు పెద్దాయనా" అంటాడు వెనకాయన.

మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే ఇరుక్కున్నాను.
ఉద్యోగమూ లైనే, చేతిలో పోయిందీ లైనే.
లైన్‌మన్‌కి లైన్లు లేవని రాస్తే
ఆఫీసరు నవ్వుతాడు.
అట్ట ఊడిన నిఘంటువు తీశాను.
గీత, గీటు, చార, రేఖ, పంక్తి, తాడు, ముడత,
వంశం కూడానట, అక్కడ ఆగిపోయాను.

"ఏం వెతుకుతున్నావు?"
"లైనంటే ఏంటా అని."
అప్పుడు నవ్వాడు, వచ్చాక మొదటిసారి.
"ముప్ఫై మూడేళ్ళు దానిమీదున్నా, నన్నడుగు.
మా అబ్బ నాగలి తోలితే నల్లరేగట్లో పడేది చాలు.
నమాజుకి భుజం భుజం కలిపితే సఫ్.
మీ ఇళ్ళల్లో విస్తరేస్తే బంతి.
చీర ఆరేస్తే దండెం.
చీమలకి బారు,
యార్డు ముందు మిర్చి టిక్కీల లారీలకీ బారే.
కుర్రోడు పిల్లకేసేది మాత్రం
ఏ భాషలోనైనా లైనే."

మరి కరెంటుది?

తల అడ్డంగా ఊపాడు.
"తీగంటారు పుస్తకంలో. తీగంటే మల్లెది.
స్తంభం మీద దాన్నెప్పుడూ అట్లా పిలవలేదు మేం.
ముద్దుపేరు పెడితే భయం పోద్ది.
భయం పోతే మనిషి పోతాడు."

నిఘంటువు మూసేశాను.
నాలుగే లైన్లు కొట్టాను:
ఈ మనిషి పేరిది, చేసిన పనిది,
పనే వేలిముద్రలు తీసుకుంది,
మనిషి మాత్రం ఉన్నాడు, దయచేసి కళ్ళతో చూడండి.
తెలుగులో చదివి వినిపించి
"ఇంకో లైను వెయ్యనా, మీ సర్వీసు గురించి?" అన్నాను.

ఆయన గుమ్మంలోంచి పైకి చూస్తున్నాడు.
నాలుగో లైను మీద లైన్లు,
వాటిమీద ఒక్క కాకి,
దానికేమీ కావడంలేదు.

"చాలు" అన్నాడు.

అడుగున సంతకానికి
కాళీ గీత ఒకటి గీశాను,
మీట నొక్కిపట్టుకుని, కాస్త పొడుగ్గానే.
ఆ గీతమీద తెలుగులో పేరు రాశాడు,
కొమ్ముగానీ దీర్ఘంగానీ
దాన్ని ఎక్కడా తాకకుండా,
ఊపిరి బిగబట్టి.

రాశాక కాగితాన్ని కాసేపు ఊదాడు, ఆరాలని.
బాల్‌పెన్నే అది.
నేనేమీ అనలేదు.